మదనపల్లె–కుప్పం ప్రాంతంలో దాతృత్వం, ప్రజాసంస్థలు: చరిత్ర

ఆంధ్రప్రదేశ్‌కు నైరుతి మూలన, కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల దగ్గర మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, గంగవరం, కుప్పం ఉన్నాయి. వర్షాధార సేద్యం, చెరువులు, పాడి ఇక్కడి పాత జీవనాధారాలు. పెద్ద నది గానీ రేవు గానీ ఈ ప్రాంతానికి లేవు. అయినా వంద సంవత్సరాలకు పైగా ఇక్కడ ఆసుపత్రులు, కళాశాలలు, ప్రయోగ పాఠశాలలు వెలిశాయి. వాటిలో చాలావాటికి తొలి పెట్టుబడి విరాళమే. వాటిలో కొన్నింటి పని ప్రభుత్వ వ్యవస్థలోకి చేరి దేశవ్యాప్తంగా విస్తరించింది. మరికొన్నింటి జోరు విరాళం గడువుతోనే తగ్గింది.

నేపథ్యం

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి పలమనేరు, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు ఇందులో చేరాయి. పుంగనూరు జమీందారీ కేంద్రం కాగా, కుప్పం కంగుంది జమీందారీ కింద ఉండేది.

ఆ కాలంలో సేద్యానికి ఆధారం చెరువు. రాయలసీమలో చెరువు తవ్వించినవారికీ, గండిపడితే పూడ్పించినవారికీ దశబంధం పేరిట ఇనాము భూమి ఇచ్చేవారు. కట్టను కనిపెట్టుకొని ఉండడం ఆ ఇనాముకు షరతు. అందువల్ల చెరువు తవ్వించడం పుణ్యకార్యమే అయినా, దాని మరమ్మతుకు ఏటా వచ్చే ఆదాయం కూడా ముందే ఏర్పాటై ఉండేది. బ్రిటిషు పాలనలో ఈ ఏర్పాటు బలహీనపడింది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయి, వాటి కింది చెరువుల బాధ్యత ప్రభుత్వ శాఖలకు వచ్చింది.

పొట్టి ఆవులకు పేరుపడిన పుంగనూరు జాతి కూడా జమీందారుల ఆదరణలో పెరిగినదే. ఆ ఆదరణ పోయాక జాతి అంతరించే దశకు చేరింది. గంగవరానికి పొరుగున ఉన్న పలమనేరు పశు పరిశోధనా కేంద్రం దాని సంరక్షణ బాధ్యత తీసుకుంది. ఈ కేంద్రం ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పనిచేస్తోంది.

మిషన్ వైద్యం, ఆరోగ్యవరం

ఆధునిక వైద్యం ఈ ప్రాంతానికి మిషనరీలతో వచ్చింది. అమెరికన్ ఆర్కాట్ మిషన్‌కు చెందిన వైద్యుడు జేకబ్ చాంబర్లిన్ 1863లో మదనపల్లెలో స్థిరపడి, వైద్యశాలలు నడిపి, 1908లో అక్కడే కన్నుమూశాడు. తర్వాత అదే మిషన్ స్త్రీలకూ పిల్లలకూ మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రిని నెలకొల్పింది.

వీటన్నింటిలో దూరం వెళ్లిన ప్రయత్నం క్షయ శానిటోరియం. దక్షిణ భారతంలోని పలు మిషన్లు ఉమ్మడిగా ఖర్చు భరించి 1912లో యూనియన్ మిషన్ క్షయ శానిటోరియాన్ని ప్రారంభించాయి. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించాడు. సుమారు 700 మీటర్ల ఎత్తు, పొడిగాలి, చల్లదనం ఉన్నందున మదనపల్లె అందుకు అనువుగా ఉంది. క్షయకు మందు లేని రోజుల్లో విశ్రాంతి, మంచి తిండి, స్వచ్ఛమైన గాలి మాత్రమే చికిత్స. శానిటోరియం చుట్టూ పెరిగిన ఊరికి ఆరోగ్యవరం అనే పేరు స్థిరపడింది.

ఈ సంస్థ రోగులను చూడడంతో ఆగలేదు. 1948లో భారతదేశంలో బీసీజీ టీకా ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు మదనపల్లె తొలి కేంద్రాల్లో ఒకటి. 1950ల్లో చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, క్షయ ఎంతమందికి ఉంది, ఎలా వ్యాపిస్తోంది అని శానిటోరియం వైద్యుడు జోహన్నెస్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో దీర్ఘకాలిక అధ్యయనం సాగింది. దాని ఫలితాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి. ఇక్కడ పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యాడు. శానిటోరియాల్లో పోగైన అనుభవం 1962లో మొదలైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమానికి కూడా ఉపయోగపడింది. సమర్థమైన మందులు వచ్చాక శానిటోరియాల అవసరం తగ్గడంతో, ఆరోగ్యవరం సాధారణ వైద్య కేంద్రంగా మారి కొనసాగుతోంది.

దివ్యజ్ఞాన సమాజం, జాతీయ విద్య

దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు అనీబిసెంట్ 1915లో మదనపల్లెలో నెలకొల్పిన కళాశాల రాయలసీమలోని పాత ఉన్నత విద్యాసంస్థల్లో ఒకటి. హోమ్‌రూల్ ఉద్యమంతో సంబంధం పెట్టుకున్నందుకు మద్రాసు విశ్వవిద్యాలయం దానికి గుర్తింపు ఉపసంహరించింది. ప్రభుత్వాన్ని ధిక్కరించినందువల్ల సర్కారు ఆసరా పోయిన కళాశాలను అభిమానుల విరాళాలు కాపాడాయి. జాతీయ విద్య కోసం బిసెంట్ అడయారులో స్థాపించిన విశ్వవిద్యాలయానికి రవీంద్రనాథ ఠాగూరు కులపతి. ఆయన 1919 ఫిబ్రవరిలో మదనపల్లె వచ్చి, జనగణమన గీతానికి ఆంగ్లానువాదం ఇక్కడే చేశాడు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి రాసింది. ప్రస్తుతం బీటీ కళాశాల అని పిలిచే ఈ సంస్థ, 1954లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోకి చేరింది.

రిషివ్యాలీ, గ్రామీణ పాఠశాలలు

1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి విద్యాసంస్థ కోసం ఎంచుకున్న లోయలో, 1926లో స్థలం సేకరించడంతో రిషివ్యాలీకి పునాది పడింది. అది రుసుము చెల్లించే పిల్లల ఆవాస పాఠశాల. చుట్టూ ఉన్న పల్లె పిల్లల కోసం 1980ల రెండో సగంలో ఆ పాఠశాలను నడిపే ట్రస్టు గ్రామీణ విద్యా కేంద్రాన్ని విస్తరించింది. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ ఏకోపాధ్యాయ పాఠశాలలకు సరిపోయే పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, మెట్లుగా అమర్చి, ఏ బిడ్డ ఆగిన మెట్టు నుంచి ఆ బిడ్డ ముందుకు వెళ్లేలా చేశారు. పంట పనులకు వెళ్లి కొన్నాళ్లు బడి మానిన పిల్లలు తిరిగొచ్చినా వెనకబడకపోవడం దీని లాభం.

1990ల మధ్యలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ప్రాంతపు ప్రభుత్వ ఉపాధ్యాయులు ఇక్కడికి వచ్చి నేర్చుకున్నారు. దాంతో కర్ణాటకలో ‘నలి–కలి’ రూపుదిద్దుకుంది. 2003 నుంచి చెన్నై నగరపాలక పాఠశాలలు ఇదే దారిలో నడిచి, తర్వాత తమిళనాడు ప్రాథమిక పాఠశాలలన్నింటికీ కార్యాచరణ ఆధారిత బోధన విస్తరించింది. ఒక ట్రస్టు డబ్బుతో తయారైన పద్ధతి లక్షలాది మంది పిల్లలకు చేరడానికి కారణం ప్రభుత్వ ఉపాధ్యాయులూ, ప్రభుత్వ బడులూ.

కుప్పం ప్రయోగాలు

1989 నుంచి కుప్పం శాసనసభ్యుడిగా ఎన్. చంద్రబాబునాయుడు వరుసగా గెలుస్తున్నారు. ఆయన 1995లో ముఖ్యమంత్రి అయ్యాక ఈ నియోజకవర్గం రాష్ట్రానికి ప్రయోగశాల అయింది. ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో బిందుసేద్యపు ప్రదర్శన క్షేత్రం నెలకొల్పారు. 1997లో రాష్ట్ర శాసనంతో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2000ల మొదట్లో పీఈఎస్ విద్యాసంస్థల వైద్య కళాశాల, ఆసుపత్రి వచ్చాయి.

2002 ఫిబ్రవరిలో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పం చుట్టుపక్కల మండలాల్లో ‘ఐ–కమ్యూనిటీ’ని మూడేళ్ల గడువుతో మొదలుపెట్టింది. పల్లెల్లో కంప్యూటర్ సమాచార కేంద్రాలు తెరిచారు. పొదుపు సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో పనిచేసే ప్రింటర్లు ఇచ్చి ఊళ్లో ఫొటోగ్రాఫర్లుగా తయారుచేశారు. గుర్తింపు కార్డులకు, పెళ్లిళ్లకు తీసే ఫొటోలపై వారికి ఆదాయం వచ్చింది. 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ ప్రయోగంపై వ్యాసం వచ్చింది. గడువు తీరాక బాధ్యత స్థానిక సొసైటీకి మారడంతో తొలినాటి జోరు తగ్గింది.

అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ తీరు వేరు. 1999లో రాంజీ రాఘవన్, అణుశాస్త్రవేత్త పి.కె. అయ్యంగార్ తదితరులు దీన్ని స్థాపించారు. కుప్పం దగ్గర ప్రభుత్వం ఇచ్చిన 172 ఎకరాల బంజరులో విజ్ఞాన కేంద్రం కట్టి, చెట్లు పెంచారు. సొంత బడి తెరవకుండా, సంచార ప్రయోగశాలల వాహనాలను ప్రభుత్వ పాఠశాలలకు పంపారు. మదుపరి రాకేష్ ఝున్‌ఝున్‌వాలా వంటి దాతల విరాళాలు దీనికి అందాయి.

సంఘాలు, సహకారం

దాతల మీద ఆధారపడని మరో ధార పొదుపు సంఘాలది. ప్రపంచ బ్యాంకు రుణంతో 2000లో మొదలైన వెలుగు పథకానికి ఎంచుకున్న తొలి ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. డ్వాక్రా అని పిలిచే ఈ పొదుపు సంఘాలు గ్రామ, మండల సమాఖ్యలుగా కూడడంతో మహిళలకు బ్యాంకు అప్పు అందుబాటులోకి వచ్చింది.

పాడిలో మాత్రం సహకార వ్యవస్థ దెబ్బతింది. చిత్తూరు సహకార డెయిరీ నష్టాల్లో కూరుకుపోయి 2002లో మూతపడింది. ఆవుల మీద బతికే పలమనేరు, పుంగనూరు పల్లెల్లో పాలసేకరణ ప్రైవేటు డెయిరీల చేతికి వెళ్లింది. రెండు దశాబ్దాల తర్వాత, 2023లో, ఆ స్థలంలో అమూల్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది.

ఇటీవలి కాలం

2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. దాంతో విరాళాల్లో కొంత భాగం దాత ఇష్టం నుంచి చట్టపరమైన బాధ్యతగా మారింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్లగా, పుంగనూరు, పలమనేరు, గంగవరం, కుప్పం చిత్తూరులోనే మిగిలాయి. హంద్రీ–నీవా పథకంలోని పుంగనూరు, కుప్పం ఉపకాలువల ద్వారా శ్రీశైలం నీటిని ఈ మెట్ట ప్రాంతానికి తేవడం పెద్ద ప్రభుత్వ పెట్టుబడుల్లో ఒకటి.

మూల్యాంకనం

ఈ చరిత్రలో దాతలు కొత్త పద్ధతిని పరీక్షించే ఖర్చు, నష్టభయం భరించారు. క్షయ సర్వే, కార్డుల బోధన, సంచార ప్రయోగశాల అలా పుట్టినవే. వాటిని నిలబెట్టినవి జీతం ఇచ్చే శాఖలు, నేర్చుకునే ఉపాధ్యాయులు, కొనసాగే బడ్జెట్లు. ఐ–కమ్యూనిటీకి అలాంటి ఆధారం సరిగా ఏర్పడలేదు. సహకార డెయిరీ విషయంలో ప్రజాసంస్థే కుంగిపోయింది. దశబంధం ఇనాము తయారుచేసినవారు మరమ్మతు ఖర్చును ముందే లెక్కలో వేశారు. ఆ తర్వాతి కాలపు విరాళాల్లో చాలావాటికి ఆ లెక్క లేదు.