కోట బ్యాండు మట్టులో దేవీస్తుతి

యోగులును, భక్తులును ఉపాసనావేళ పాడుకొనిన పదములను తెచ్చి పలుదేశముల వాద్యములు కలిసిన సమ్మేళన సంగీతమునకు అమర్చుట యిటీవలి వేడుక యని పలువురు తలంతురు. అది మేలా, కీడా యని వాదులాడువారును గలరు. ఆ వాదములోనికి దిగుటకు ముందు, సుమారు రెండువందల యేండ్లకు పూర్వము చెన్నపట్టణపు చెంత జరిగిన యొక ప్రయోగమును శ్రోతలకు జ్ఞాపకము చేయదలంచితిమి. చేసినవారు సామాన్యులు కారు. సంగీత త్రిమూర్తులలో నొకరైన ముత్తుస్వామి దీక్షితులవారు.

దీక్షితులు 1775లో తిరువారూరున జన్మించిరి. తండ్రి రామస్వామి దీక్షితులు 108 రాగతాళములతో నొక మాలికను తెలుగున కూర్చిన మహావిద్వాంసులు. చెన్నపట్టణమునకు ఉత్తరమున నున్న మణలి గ్రామపు ప్రభువు ముత్తుకృష్ణ మొదలియారు ఆ కుటుంబమును తన యూరికి రప్పించుకొనిరి. మొదలియారు కంపెనీవారికి దుబాసీ. ఆయన కుమారుడు, చిన్నయ్య మొదలియారని వాడుకగల వెంకటకృష్ణ మొదలియారు, తండ్రివలెనే సంగీతప్రియులు. ఈ సంబంధముచేతనే సెయింటు జార్జి కోటలోని పటాల బ్యాండు దీక్షిత సోదరుల చెవిని బడినది. తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఒక యూరోపియను వద్ద ఫిడేలు నేర్చి, దానిని మన సంగీతమునకు అనువుపఱచుకొనిరి. ఫిడేలు లేని కచేరీ నేడు మన యూహకైన అందదు గదా! తమ్ముడు వాద్యమును గ్రహింపగా, అన్నగారు మట్టులను గ్రహించిరి.

ఇంగ్లండు, ఐర్లండు, స్కాట్లండు దేశముల మట్టులకు దీక్షితులు సంస్కృత సాహిత్యము రచించిరి. అట్టివి సుమారు 40 కలవు. ఆంగ్లపు "నోటు" మన నోట "నొట్టు" కాగా, వీనికి నొట్టుస్వర సాహిత్యములని పేరు నిలిచినది. పడమటివారి ముఖ్యమైన స్వరశ్రేణి మన శంకరాభరణముతో సరిపోవును. కావున అన్నియు ఆ రాగముననే యున్నవి. గణపతి, సుబ్రహ్మణ్యుడు, శివుడు, రాముడు, దేవి, అందఱును ఇందు స్తుతింపబడిరి. "వందే మీనాక్షి" అనుదాని మట్టు ఎచ్చటిదో తెలిసినచో మన పెద్దలు కొందఱు చెవులు మూసికొందురేమో! ఐర్లండులోని మాలో అను ఊరి విలాసపురుషుల త్రాగుడును, తిరుగుడును వర్ణించు పాటది.

అన్నిటికంటె ప్రసిద్ధమైనది "సంతతం పాహిమాం". దీని మట్టు ఆంగ్లేయుల రాజగీతముది; లండను నాటకశాలలో 1745లో పాడబడి, పిదప సామ్రాజ్యమంతట మ్రోగిన గీతమే. మన స్వరములలో చెప్పవలెనన్న స స రి, ని స రి అని యెత్తుగడ. మూడేసి మాత్రల నడక. మొదటి ఆఱు స్వరములకు ఆఱక్షరములు సరిగా కుదిరినవి. ఇంకను సూక్ష్మముగ పరికింపుడు. రెండవ ముక్కలో ఆంగ్లగీతము మొదటి స్వరమును సాగదీసి, రెండవదానిని కుదించి, మూడవదానిపై నిలుచును. "పాహిమాం" అనునది గురువు, లఘువు, గురువు; మన పిల్లలు ఛందస్సులో వల్లించు ర గణము. పరదేశపు తూగుమీద మన గణము అతుకు తెలియకుండ కూర్చున్నది. మొదటి ముక్కలో మాత్రము స్వరములు మూడును సమానమగుటచే "సంతతం"లోని లఘువు కొంచెము సాగక తప్పదు. ఆపాటి లోపము ఎంచదగినది కాదు.

అర్థమును చూచినచో ముచ్చట మఱింత హెచ్చును. దేవుడు రాజును రక్షించుగాక యని ఆంగ్లగీతము కోరును. ఎల్లప్పుడును నన్ను రక్షింపుమని దీక్షితుల రచన సంగీత శ్యామలాదేవిని వేడును. రాజు తొలగెను, రక్షణ నిలిచెను. దుబాసీ యింట మసలిన కవికి ఆ గీతపు భావము చెప్పువారు కఱవగుదురా? ఇది కాకతాళీయమని మేము నమ్మజాలము.

అయినను దీనిని సమ్మేళనమనవచ్చునా? దీక్షితులు చిదంబరనాథయోగి వెంట కాశికేగి, కొన్నేండ్లు వసించి, ఆయనవలన శ్రీవిద్యోపదేశము పొందిరి. హిందూస్థానీ గానమును వినిరి. దాని ఫలము వేఱు. ద్విజావంతిలో "చేతః శ్రీబాలకృష్ణం", యమునాకల్యాణిలో "జంబూపతే" వినునపుడు ఉత్తరాది పరిమళము తగులుచునే యుండును. కాని ఆ రాగములు దీక్షితుల నిదానపు నడకలో, వీణ గమకములలో పూర్తిగ కరగినవి. బ్యాండు మట్టులను వారు కరగింపలేదు. శంకరాభరణమునకు ప్రాణమైన గమకపు ఊగు లేక, స్వరములు కవాతులోని సిపాయిలవలె నిట్టనిలువుగ నిలుచును. అందుచేతనే వీనిని కృతులలో లెక్కింప నొల్లనివారు గలరు. ఆ మాట కొంతవఱకు నిజమే. రాగవిస్తారము కోరి వీనికడకు పోరాదు. అయితే ఉపాసకునకు అక్షరము ప్రధానము. వరుస ఏ దేశపుదైనను, అక్షరము విఱుగక, అర్థము చెడక నిలిచినచో స్తోత్రము స్తోత్రమే యని దీక్షితులు తలంచిరని మా యూహ.

ఈ కాలపు ఉదాహరణ నొకదానిని ప్రక్కన పెట్టిన భేదము తెలియును. 1990లో కవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీఖాన్, కెనడా దేశీయుడైన మైకేల్ బ్రూక్‌తో కలిసి "మస్త్ మస్త్" అను ధ్వనిముద్రికను వెలువరించెను. ఆ పేరుగల పాట సింధుదేశమున సెహ్వానులో సమాధిగొన్న సూఫీ సిద్ధుడు లాల్ షాబాజ్ కలందరును స్మరించునది. దానిని గిటారుతోను, యంత్రపు తాళముతోను కలిపిరి. ముద్రికను కత్తిరించి కూర్చునపుడు కొన్ని పలుకులు నడుమ తెగినవి. చెవికి ఇంపుగనే యున్నను అర్థము చెడినదని గాయకుడు సమ్మతింపలేదు, సరిచేయవలసివచ్చినది. గానపు అందమునకు లోటులేదు, లోకమున ఆ ముద్రికకు కీర్తియు కలిగినది. అయినను మణలిలో కవియే మట్టుకు అక్షరము కొలిచి కూర్చెను; ఇచ్చట కత్తెర పట్టినవానికి ఆ భాష రాదు. చిక్కంతయు అందే యున్నది.

దీక్షితులు 1835లో ఎట్టయాపురమున తనువు చాలించిరి. బాలుస్వామి అచ్చటనే ఆస్థాన విద్వాంసులై యుండిరి. ఆయన దౌహిత్రుడును, దత్తపుత్రుడును అయిన సుబ్బరామ దీక్షితులు ఇంటి విద్యనంతయు కాపాడిరి. చిన్నస్వామి మొదలియారను క్రైస్తవ సంగీతాభిమాని, మన కీర్తనలను పడమటి స్వరలిపిలో 1893లో అచ్చొత్తించినవారు, ఈయనను గ్రంథరచనకు పురికొల్పిరి. ఎట్టయాపుర ప్రభువుల పోషణమున 1904లో వెలువడిన "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" తెలుగు గ్రంథము. సుబ్బరామ దీక్షితులు తమ తెలుగు పొత్తములలో నొట్టులకును చోటిచ్చిరి. గీతములు నేర్చు పిల్లలకు ఉపాధ్యాయులు నేటికిని వీనిని చెప్పుచున్నారు. గమకము పట్టుబడని లేత గొంతులకు ఆ నిలువు స్వరములు బాగుగ అమరును.