డెర్రీ (కల్పిత పట్టణం)

డెర్రీ అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ సృష్టించిన కల్పిత పట్టణం. మెయిన్ రాష్ట్రంలో ఉన్నట్టు చెప్పే ఈ ఊరికి ఆయన నివసించిన బాంగోర్ నగరం నమూనా. 1986లో వెలువడిన ‘ఇట్’ నవల దీని చరిత్రను ఎక్కువగా ఫ్లాష్‌బ్యాక్‌ల ద్వారానే చెబుతుంది. ‘ఇన్‌సోమ్నియా’ (1994), ‘11/22/63’ (2011) నవలల్లోనూ డెర్రీ కనిపిస్తుంది.

కథన నిర్మాణం

సుమారు 27 ఏళ్లకోసారి నిద్రలేచి పిల్లల్ని బలిగొనే ఒక దుష్టశక్తి చుట్టూ ‘ఇట్’ నవల సాగుతుంది. 1958లో దాన్ని ఎదిరించిన ఏడుగురు పిల్లల్లో ఆరుగురు ఊరు విడిచి, జరిగినదంతా మరిచిపోతారు. అక్కడే ఉండిపోయిన గ్రంథాలయాధికారి మైక్ హాన్లన్ ఒక్కడికే అంతా గుర్తుంటుంది. 1985లో అతని పిలుపు అందుకున్నాక మిగతావారికి బాల్యం కొద్దికొద్దిగా జ్ఞాపకం వస్తుంది. పాఠకుడికీ ఆ క్రమంలోనే తెలుస్తుంది. చివరి భాగంలో ఒక కాలంలో మొదలైన వాక్యం మరో కాలంలో ముగుస్తుంది.

పట్టణ చరిత్ర

పాత్రల జ్ఞాపకాలకు అందని గతం మైక్ రాతల్లో, ‘డెర్రీ’ పేరిట వచ్చే మధ్యంతర అధ్యాయాల్లో ఉంటుంది. 1905లో క్లాడ్ హెరూ మద్యం దుకాణంలో గొడ్డలితో మనుషుల్ని నరుకుతుంటే తక్కినవారు తాగుతూనే కూర్చుంటారు. 1929లో బ్రాడ్లీ ముఠాను ఊరివాళ్లే పట్టపగలు కాల్చి చంపి, తర్వాత ఏమీ ఎరగనట్టు ఉండిపోతారు. 1930లో నల్లజాతి సైనికుల క్లబ్బు ‘బ్లాక్ స్పాట్’ను జాత్యహంకారులు తగలబెడతారు, ఆ సంగతి మైక్‌కు తండ్రి చెబుతాడు.

బ్రాడ్లీ ఘటనకు వాస్తవ మూలం ఉంది. 1937 అక్టోబరు 12న బాంగోర్‌లో బ్రాడీ ముఠా నాయకుడిని కాల్చి చంపింది ఎఫ్‌బీఐ ఏజెంట్లు. కింగ్ ఆ తుపాకులను పౌరుల చేతికిచ్చాడు. దాంతో నేరం దుష్టశక్తిది మాత్రమే కాకుండా, చూసీ చూడనట్టు ఊరుకున్న పట్టణానిది కూడా అయింది.

అనుసరణలు

‘ఇట్’ ఆధారంగా 1990లో టీవీ మినీ సిరీస్ వచ్చింది. ఆండీ ముషెట్టి తీసిన రెండు చిత్రాల్లో 2017 నాటిది బాల్యానికే పరిమితమైంది. 2019 నాటిది పెద్దల కథలో ఫ్లాష్‌బ్యాక్‌లను కలిపింది. చిత్రాల్లో బాల్యకథ 1980ల చివరికి జరగడంతో, 2025లో వచ్చిన ‘ఇట్: వెల్‌కమ్ టు డెర్రీ’ సిరీస్ బ్లాక్ స్పాట్ దహనాన్ని 1962కు మార్చింది.