పగులు కారణమా, ఫలితమా?

భూమి ఏల కంపించునను ప్రశ్న చాల పాతది. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితలో నాటి అభిప్రాయములను పేర్కొనెను. సముద్రజలములలోని మహాజంతువులే కారణమని కొందరు, భూభారమును మోయు దిగ్గజములు అలసి నిట్టూర్చుటయే కారణమని కొందరు, వాయువులు ఢీకొనుట కారణమని మరికొందరు తలచిరి. ఈ ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానము దొరకుటకు ముఖ్యముగ మూడు భూకంపములు తోడ్పడినవి. వానిలో మొదటిది మన దేశమున సంభవించినదే.

1819 జూన్ 16వ తేదీన కచ్ఛ్ ప్రాంతము దద్దరిల్లినది. సింధ్రీ కోట చుట్టును నేల క్రుంగి నీట మునిగెను. కోటలోనివారు బురుజునెక్కి ప్రాణములు దక్కించుకొని, మరునాడు పడవలలో బయటపడిరి. కోటకు ఉత్తరమున, అంతవరకు చదునుగానున్న రణ్ ప్రాంతమున, సుమారు 80 కిలోమీటర్ల పొడవున ఒక మిట్ట లేచినది. మనుష్యులు కట్టని కట్ట గనుక అక్కడివారు దానికి ‘అల్లా బంద్’, అనగా దేవుని కట్ట, అని పేరిడిరి. భూవిజ్ఞాని చార్లెస్ లయెల్ ఈ వృత్తాంతమును తన గ్రంథమున చేర్చెను. అయినను, కంపము వచ్చినందుననే నేల విరుగునని పెక్కుమంది ఇంకను నమ్ముచుండిరి.

రెండవది జపానులోని మినో-ఒవారి భూకంపము. 1891 అక్టోబరు 28న అది 7,000 మందికి పైగా బలిగొన్నది. మిదోరి అను గ్రామమువద్ద పగులుకు ఒక ప్రక్క నేల సుమారు 6 మీటర్లు పైకి లేచినది. ఆ పగులు వెంట పరిశోధించిన కోటో బుంజిరో, కంపము వలన పగులు కాదు, పగులు వలననే కంపము అని తేల్చెను. నేల ఇట్లు విరిగి జరిగిన చోటునే భ్రంశమందురు.

మరి ఆ పగులున అంతటి శక్తి ఎక్కడిది? 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కో నగరము కంపించినపుడు శాన్ ఆండ్రియాస్ భ్రంశము వెంట రోడ్లు, కంచెలు తెగి, కొన్నిచోట్ల 6 మీటర్ల వరకు ప్రక్కకు జరిగినవి. హారీ ఫీల్డింగ్ రీడ్ పూర్వపు సర్వే కొలతలతో పోల్చి చూచి, కంపమునకు ఎంతో ముందునుండియే భ్రంశమునకు ఇరువైపుల నేల మెల్లగా వంగుచున్నదని కనుగొనెను. వెదురుబద్దను వంచుచు పోయిన ఒక క్షణమున ఫెళ్లున విరుగును గదా! శిలయు అట్లే. ఏండ్ల తరబడి కూడిన ఒత్తిడి క్షణములలో విడివడి, అలలై వ్యాపించును. అదియే భూకంపము.

శిలలను వంచునదేమి? దీనికి జవాబు 1960 దశాబ్దమున లభించినది. భూమి పైపొర కొన్ని పెద్ద ఫలకములుగా విడివడి కదలుచున్నది. మన ఫలకము ఏటేట సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరమునకు జరుగుచు ఆసియాను నెట్టుచున్నది. ఆ ఒత్తిడి హిమాలయములతో ఆగదు. ఫలకము లోపలి పాత భ్రంశములకును సోకును. 2001 జనవరి 26న కచ్ఛ్ మరల కంపించి వేలాదిమంది మరణించిరి. ఈసారి ప్రధాన భ్రంశము పైకి కనబడనేలేదు. గోదావరి లోయయు ప్రాచీన భ్రంశముల నడుమ క్రుంగిన నేలయే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము ప్రాంతము కంపించినది.

కంపము ఏనాడు వచ్చునో చెప్పుట నేటికిని సాధ్యము కాదు. ఏ ప్రాంతములకు ముప్పు అధికమో, ఎట్టి గోడలు నిలుచునో మాత్రము తెలియును. ప్రాణములు తీయునది పెక్కుసార్లు కదలిన నేల కాదు, దానిపై కూలిన ఇల్లే.