మైనపు దారంతో తోలు చేతికుట్టు

ఒకే దారం రెండు కొసలకూ రెండు సూదులు ఎక్కించి, దారానికి మైనం పట్టించి తోలును కుట్టే పద్ధతి ఇది. యూరప్‌లో గుర్రాల జీనులు, కళ్ళేలు చేసేవారి చేతుల్లో రాటుదేలింది కాబట్టి జీనుకుట్టుగా పేరుపడింది.

బట్టలో సూది పోగులను తప్పించుకుని దారి చేసుకుంటుంది. తోలుకు పడ్డ బెజ్జం మాత్రం మళ్ళీ పూడదు. అందుకే ముందుగా గుర్తులు పెట్టుకుని, ఆరె అనే మొనదేలిన పనిముట్టుతో పొడిచి, ఆ తర్వాతే దారం దూరుస్తారు. ఒక సూది ఇటు నుంచి, రెండోది అటు నుంచి అదే బెజ్జంలో దాటుతాయి. రెండు కొసలనూ సమానమైన బలంతో లాగి బిగిస్తారు. ఒక వైపు దారం అరిగి తెగినా రెండో వైపుది కుట్టును పట్టి ఉంచుతుంది. గుర్రం మీద వెళ్తుండగా రికాబు పట్టీ ఊడితే మనిషి ప్రాణానికే ముప్పు, ఆ భయమే ఈ కుట్టును ఇంత పకడ్బందీగా తీర్చింది.

మైనం చేసే పని చాలా ఉంది. అవిసెనార దారం పోగులను కలిపి ఉంచుతుంది, తోలు రాపిడికి దారం పీచులేవకుండా కాపాడుతుంది, తడికి కుళ్ళిపోవడాన్ని తగ్గిస్తుంది, బిగించిన కుట్టు బెజ్జంలో జారకుండా అంటిపెట్టుకునేలా చేస్తుంది. సన్నని పనికి తేనెమైనం సరిపోయేది. బూట్లు కుట్టేవారు పైన్ చెట్ల కీలు, జిగురు, కొవ్వు కలిపి నల్లని ముద్ద కాచుకునేవారు. చలికి అది పెళుసెక్కుతుంది కాబట్టి కాలాన్ని బట్టి పాళ్ళు మార్చేవారు.

తోలును కూర్చడం ఎంత పాతదో చెప్పే ఆధారాలు భద్రంగానే దొరికాయి. ఆర్మేనియాలోని అరేనీ గుహలో 2008లో బయటపడిన చెప్పు సుమారు 5,500 ఏళ్ళ నాటిది. ఒకే ఆవుతోలు ముక్కను మడిచి, బెజ్జాల గుండా తోలు తాడుతో బిగించారు. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే ప్రాచీన మానవుడి దుస్తులను జంతువుల నరాలతో కుట్టారు. ఇంగ్లండ్‌లోని విండొలాండా రోమన్ కోటలో తడినేల వేల పాదరక్షలను కాపాడింది.

యూరప్ చర్మకారులు చాలాకాలం ఇనుప సూదికి బదులు అడవిపంది వెంట్రుకను వాడారు. దారం కొసను సన్నగా దువ్వి, మైనంతో ఆ వెంట్రుకకు పెనవేసేవారు. వంకర ఆరెతో పొడిచిన వంకర బెజ్జంలో బిరుసైన సూది ఇరుక్కుంటుంది, వెంట్రుక వంగి వెళ్ళిపోతుంది. ఇంత చిన్న సాధనంలో ఇంత తెలివి ఇమిడి ఉండటం నిజంగా అబ్బురం.

1846లో ఎలియాస్ హోవ్, 1858లో బూటు అడుగుల కోసం లైమన్ బ్లేక్ పొందిన కుట్టుయంత్రాల పేటెంట్లతో చేతికుట్టు గిరాకీ పడిపోయింది. హోవ్ యంత్రంలాంటివి పై దారాన్నీ కింది దారాన్నీ తోలు మధ్యలో మెలివేస్తాయి. వాటిలో ఒకటి తెగితే పక్క కుట్లూ వదులవుతాయి. రెండు సూదులు ఎదురెదురుగా దాటే పద్ధతిని ఈ యంత్రాలు అందుకోలేదు. 1837లో పారిస్‌లో గుర్రపు సామాన్ల దుకాణంగా మొదలైన ఎర్మెస్ నేటికీ తన సంచులను తేనెమైనం పట్టించిన అవిసె దారంతో చేత్తోనే కుట్టిస్తోంది. కొత్త పనివారు మాత్రం మైనం పూసి అమ్మే పాలియెస్టర్ దారాన్ని ఎక్కువగా ఎంచుకుంటున్నారు.

తోలు చేతికుట్టును మనం ఎక్కువగా చూసేది క్రికెట్ బంతి మీద. భారత్‌లో ఆడే టెస్టుల్లో వాడే ఎస్‌జీ సంస్థ బంతికి ఆరు వరుసల కుట్టూ చేతిపనే. 1931లో సియాల్‌కోట్‌లో మొదలైన ఆ సంస్థ దేశ విభజన తర్వాత మేరఠ్‌కు తరలివచ్చింది. కూకబురా అనే మరో సంస్థ బంతికి బయటి వరుసలను యంత్రంతో కుడతారు. అందుకే దాని కుట్టు త్వరగా అణిగిపోతుందని, ఎస్‌జీ కుట్టు ఎక్కువసేపు నిలుస్తుందని బౌలర్లు అంటారు.

తెలుగునాట ఆరె, తోలు కోసే రంపె మాదిగల పనిముట్లు. చెప్పులే కాదు, బావుల నుంచి నీళ్ళు తోడే మోటల తోలుసంచులనూ వారే తయారుచేసి బాగుచేసేవారు. కుట్టు వదిలితే పొలానికి చేరాల్సిన నీరు దారిలోనే కారిపోయేది. సేద్యాన్ని నిలబెట్టిన ఆ నైపుణ్యానికి పంటలో కొంత గింజలే కూలి, పైగా అంటరానితనం. మోటల స్థానంలోకి ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చాక ఆ పని ఆగిపోయింది.