కోలన్ దగ్గర ఆగే ఊపిరి: రేడియో ఈవెన్‌సాంగ్‌లో కీర్తనల స్థానం

ఆంగ్లికన్ కెథడ్రల్ సంగీతం మీద పుస్తకం తెరిచినప్పుడల్లా నాకు ఒకే అసంతృప్తి మిగులుతోంది. టాలిస్, బర్డ్, గిబ్బన్స్, పర్సెల్, స్టాన్‌ఫర్డ్, హవెల్స్ అంటూ స్వరకర్తల వంశవృక్షం సాగుతుంది. వినేవాడి ఊసు రాదు. వారంవారం రేడియో దగ్గర కూర్చునే శ్రోత సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ వ్యాసానికి మూలం ఒక క్షేత్రానుభవం. ఇంగ్లండులో ఒక కెథడ్రల్‌లో బుధవారం ఈవెన్‌సాంగ్‌కు (సాయంకాల ఆరాధనకు) వెళ్లి, చోటు దొరక్క నేవ్‌లో పడమటి కొసన కూర్చున్నాను. కాంటికిళ్లు, యాంథెమ్ గంభీరంగా వినిపించాయి. కీర్తనల్లో మాత్రం ఒక్క మాట చెవికి పట్టలేదు. అదే ఆరాధనను ఆదివారం పునఃప్రసారంలో హెడ్‌ఫోన్లతో విన్నాను. ప్రతి మాటా తెలిసింది. ఒక చరణం కాయిర్‌లోని డెకనై వరుస నుంచి ఒక చెవికి, మరుసటి చరణం కంటోరిస్ వరుస నుంచి రెండో చెవికి చేరింది. గుడిలో ఉండి నేను పోగొట్టుకున్నది రేడియో తిరిగి ఇచ్చింది. ఈవెన్‌సాంగ్‌కు ప్రాణం కీర్తనలేనన్న అనుమానం నాకు అప్పుడే బలపడింది.

ఈ రంగంలో తప్పనిసరిగా ఎదురయ్యే పేరు ఎడ్మండ్ ఫెలోస్. బర్డ్ రచనల పరిష్కర్తగా ఆయనకు మనం పడిన రుణం తీరేది కాదు. కానీ ఆరో ఎడ్వర్డ్ నుంచి ఏడో ఎడ్వర్డ్ దాకా సాగే ఆయన ‘ఇంగ్లిష్ కెథడ్రల్ మ్యూజిక్’ (1941) వేసిన చట్రం ఇప్పటికీ మనల్ని వదలలేదు. అందులో సంగీతమంటే స్వరకర్త, ఆయన రాసిన సర్వీసులు, ఆయన యాంథెమ్‌లు. కీర్తనలను పాడే సింగిల్ చాంట్‌లో ఉన్నవి పది స్వరసమ్మేళనాలు. ఆ పదిటికి కర్తృత్వం ఏపాటిది? గొప్ప కర్తల వరుసగా రాసే చరిత్రలో చాంట్ ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది. విండ్సర్‌లోని సెయింట్ జార్జ్ చాపెల్‌లో 1900 నుంచి మైనర్ కానన్‌గా ఉండి, రోజూ కీర్తనల మధ్యే బతికిన మనిషి వాటిని తన చరిత్రకు కేంద్రం చేయకపోవడం నాకు మింగుడుపడదు. రాతప్రతిలో కనిపించేదాన్నే ఆయన సంగీతమనుకున్నారు.

రాతప్రతిలో ఉన్న ఒక చిన్న గుర్తు మాత్రం నా పక్షానే సాక్ష్యం చెబుతుంది. 1662 ప్రార్థనా పుస్తకంలో పత్రికలకు, సువార్తలకు కింగ్ జేమ్స్ బైబిలు అనువాదం తీసుకున్నారు. కీర్తనలకు మాత్రం పాత కవర్డేల్ పాఠాన్నే ఉంచారు. గాయకుల నాలుకకు అలవాటైన పాఠాన్ని కదిలించడానికి సంస్కర్తలు కూడా జంకారన్నమాట. ఆ పాఠంలో ప్రతి చరణం నడుమ ఒక కోలన్ ఉంటుంది. అది వ్యాకరణం కోసం పెట్టింది కాదు, పాడడం కోసం పెట్టింది. చాంట్‌లో మొదటి సగం మూడు బార్లలో ముగుస్తుంది. ఊపిరి ఆగుతుంది. నాలుగు బార్లలో రెండో సగం వస్తుంది. సంస్కృత ఛందస్సులో యతి విరామస్థానం. మన పద్యంలో అది అక్షరమైత్రిగా మారింది. కోలన్ చేసే పని ఆ పాత అర్థంలోని యతి పనే. అయితే ఇక్కడ ఛందస్సు లేదు. ఉన్నది శుద్ధ వచనం. పది అక్షరాలైనా ముప్పై అక్షరాలైనా ఒకే స్వరంగా నిలిచే రిసైటింగ్ నోట్ మీద మాట నడకతోనే సాగాలి. వచనాన్ని పాడడం మనకూ కొత్త కాదు. తాళ్లపాక వారి కంటే ముందే సింహగిరి వచనాలు చెప్పిన కృష్ణమాచార్యుడిని తలచుకుంటే చాలు.

గుడిలో కూర్చున్నవాడు ప్రతిధ్వని లోపల ఉంటాడు. రేడియో శ్రోత దాన్ని బయటి నుంచి వింటాడు. కోలన్ దగ్గర గాయకులు ఆగినప్పుడు కప్పు కిందికి పాకి చల్లారే శబ్దం అతనికి విడిగా వినిపిస్తుంది. హవెల్స్ సెయింట్ పాల్స్ సర్వీసు (1951) రాసేటప్పుడు అక్కడి సుదీర్ఘ ప్రతిధ్వనిని దృష్టిలో పెట్టుకుని స్వరసమ్మేళనాలను నెమ్మదిగా కదిలించాడు. ఆయన సర్వీసులకు కింగ్స్, గ్లాస్టర్, సెయింట్ పాల్స్ అని కట్టడాల పేర్లే ఉన్నాయి. ఆ కట్టడాల గొంతును దేశమంతా గుర్తుపట్టేలా చేసింది ప్రసారమే. హవెల్స్ సంగీతాన్ని సంపూర్ణంగా విన్నవాడు రేడియో శ్రోతేనని అనడానికి నాకు సంకోచం లేదు.

రేడియోలో ఈవెన్‌సాంగ్ తొలి ప్రసారం 1926 అక్టోబర్ 7న, గురువారం, వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ నుంచి. (ఆబీ కెథడ్రల్ కాదు, నిజమే. ఆరాధనా పద్ధతి మాత్రం అదే.) అప్పటి ఆబీ ఆర్గనిస్టు సిడ్నీ నికల్సన్. మరుసటి ఏడాదే ఆయన ఊరి చర్చిల కాయిర్లను తీర్చిదిద్దడానికి స్కూల్ ఆఫ్ ఇంగ్లిష్ చర్చ్ మ్యూజిక్ స్థాపించాడు, 1928లో ఆబీ కొలువు వదిలేశాడు. ఇది కాకతాళీయమని నేను నమ్మను. మైకు ముందు పాడిన కాయిర్‌కు తన శ్రోత గోడల బయట ఉన్నాడని తెలిసిపోయింది. ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్లికన్ గానశైలి మొత్తానికి ఈ ఎరుకే పునాది.

వినడం ఆరాధన కాదని, సన్నిధి లేని ప్రార్థన అసంపూర్ణమని అనేవారున్నారు. అది వేదాంతుల చర్చ, శ్రవణ చరిత్రకు సంబంధించింది కాదు.

మళ్లీ కీర్తనల దగ్గరికి వస్తే, 1662 ప్రార్థనా పుస్తకం వాటిని నెలలో తేదీని బట్టి పంచింది. ఏడో తేదీ సాయంత్రం వంతు 37వ కీర్తన. పదిహేనో తేదీ సాయంత్రం వంతు 78వది, 73 చరణాలు. ఈవెన్‌సాంగ్ ప్రసారం చేసే బీబీసీ రేడియో 3 కార్యక్రమ వివరాల్లో కీర్తన సంఖ్య పక్కనే చాంట్ రాసినవారి పేరూ ఇస్తారు. మన పరిశోధకులు ఆ వరుసను దాటేసి కాంటికిల్ పేరు దగ్గర ఆగుతున్నారు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారికి నాదొక విన్నపం: బుధవారం పదిహేనో తేదీన వచ్చి, ఆ 78వ కీర్తనను పూర్తిగా పాడే ప్రసారం దొరికితే, స్వరలిపి మూసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కోలన్ కోలన్‌కూ ఆగుతూ చివరిదాకా వినండి. ఫెలోస్‌ను ఆ తర్వాత చదవండి.