గంజాయి, భంగు, చరసు: ఒకే మొక్కకు చెందిన మూడు పదార్థాలు, తెలుగులో వాటి పేర్ల చరిత్ర

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్.డి.పి.ఎస్. చట్టం) దృష్టిలో రెండు కిలోల గంజాయి, రెండు కిలోల చరసు సమానం కావు. గంజాయి 20 కిలోలు మించినప్పుడు అది వాణిజ్య పరిమాణం అవుతుంది. చరసు 1 కిలో మించగానే ఆ స్థాయికి చేరుతుంది. అందువల్ల రెండు కిలోల గంజాయితో పట్టుబడినవానికి పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు, కాని కనీస శిక్షంటూ ఏదీ లేదు. అంతే తూకం గల చరసుతో పట్టుబడినవానికి పదేళ్లకు తగ్గకుండా, ఇరవై ఏళ్లకు మించకుండా కఠిన కారాగారశిక్ష విధించాలి. ఒక మనిషి జీవితంలోని ఇన్ని సంవత్సరాలు ఒక పదార్థనామం మీద ఆధారపడి ఉన్నాయి. ఆ నామానికి తెలుగులో ఇప్పటికీ స్థిరరూపం లేదు. మన దినపత్రికలు ఒకే వస్తువును 'హాష్ ఆయిల్' అనీ, 'హషీష్ ఆయిల్' అనీ, 'లిక్విడ్ గంజాయి' అనీ, 'గంజాయి నూనె' అనీ రాస్తున్నాయి. ఈ అస్థిరతకు మూలం పాత్రికేయుల అజాగ్రత్త మాత్రమే కాదు. తెలుగు భాష ఈ మొక్కను, దాని నుండి వచ్చే పదార్థాలను పిలిచిన తీరులోనే అది ఉంది. ఆ తీరు ఎలా ఏర్పడిందో, పాఠ్యాలను చదివేవారికి అది ఏ చిక్కులు తెచ్చిపెడుతుందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ముందుగా వస్తువును గూర్చి కొంత చెప్పాలి. ఈ జాతిలో ఆడ, మగ మొక్కలు సాధారణంగా వేరు వేరుగా ఉంటాయి. ఆడమొక్క పూగుత్తుల మీద, వాటిని అంటిపెట్టుకొన్న చిన్న ఆకుల మీద కంటికి ఆననంత సన్నని గ్రంథిరోమాలు ఉండి, జిగురును స్రవిస్తాయి. మత్తు కలిగించే గుణం ప్రధానంగా ఆ జిగురుది. మొక్క కింది భాగపు ఆకులో అది స్వల్పం, పూగుత్తిలో అధికం. గుత్తి నుండి విడదీసి ముద్దచేసిన జిగురులో మరింత అధికం. భంగు, గంజాయి, చరసు అనే మూడు పేర్లు ఈ మూడు మెట్లవి. భంగు ఆకు, గంజాయి పూగుత్తి, చరసు విడదీసిన జిగురు. వీటి మధ్యనున్న భేదం తీవ్రతాభేదం మాత్రమే కాదు, తయారీభేదం కూడా. మొదటిదానికి కోసి ఎండబెట్టడం చాలు. రెండవదానికి ప్రత్యేకమైన సాగు కావాలి. మూడవదానికి మొక్క నుండి దాని సారాన్ని వేరుచేసే పనితనం కావాలి. నేటి 'సాంద్రీకృత' పదార్థాలన్నీ ఈ మూడవ మెట్టుకు చెందినవే.

ఈ మూడు మెట్లను సంస్కృత నిఘంటు సంప్రదాయం గుర్తించిందా? నా పరిశీలనలో లేదనే చెప్పాలి. అథర్వవేదం 'భంగ'ను దర్భ, యవలతో పాటు పేర్కొంటుంది. పాణిని భంగ పండే పొలాన్ని తెలిపే పదాలకు సూత్రం చేశాడు. అమరసింహుడు 'భంగా' శబ్దాన్ని, దానికి పర్యాయమైన 'మాతులానీ'ని చేర్చినది వైశ్యవర్గంలో, పైరుల మధ్య. ఈ ముగ్గురి సాక్ష్యంలోనూ ఇది నువ్వు, మినుము, అవిసెల సరసన నిలిచిన పంట. దానిని మత్తుపదార్థంగా భావించి చదవడం తరువాతి కాలపు అర్థాన్ని వెనక్కు మోసుకుపోవడమే. శార్‌ఙ్గధర సంహిత కాలానికి స్థితి మారింది. దేహమంతా వ్యాపించిన తరువాతనే జీర్ణమయ్యే 'వ్యవాయి' ద్రవ్యాలకు ఉదాహరణగా ఆ గ్రంథం నల్లమందుతో పాటు భంగను చూపింది. 16వ శతాబ్దపు భావప్రకాశలో భావమిశ్రుడు భంగా, గంజా, మాతులానీ, మాదినీ, విజయా, జయా అనే పేర్లను ఒకే ద్రవ్యానికి పర్యాయాలుగా ఇచ్చాడు. ఇక్కడ 'గంజా' పూగుత్తి కాదు, 'భంగా' ఆకు కాదు. రెండూ మొక్క పేర్లే. జిగురుకు ప్రత్యేకమైన పేరు ఆ పర్యాయపట్టికలో లేదు.

ఇందులో పరిష్కర్తలను ఇబ్బంది పెట్టే మరొక అంశం ఉంది. 'విజయా' అన్నది భావప్రకాశలో కరక్కాయ భేదాలలో ఒకదాని పేరు కూడా. రెండు ద్రవ్యాలూ హరీతక్యాది వర్గంలోనే చోటు చేసుకున్నాయి. వైద్యగ్రంథంలో 'విజయ' కనిపించిన ప్రతిచోటా ఆధునిక వ్యాఖ్యాత గంజాయి అని రాసేస్తే కరక్కాయ యోగం కాస్తా మత్తుమందు యోగమవుతుంది. యోగం ఫలశ్రుతిని, తోడి ద్రవ్యాలను, మోతాదును కలిపి చూచిన తరువాతనే అర్థనిర్ణయం చేయాలి.

తెలుగు 'గంజాయి' సంస్కృత 'గంజా' శబ్దంతో సంబంధం గలది. నిఘంటుకారుల పద్ధతిలోనే తెలుగువారు కూడా మొక్కను, ఆకును, పూగుత్తిని, చిలుములో వేసే పొడిని ఈ ఒక్క మాటతోనే వ్యవహరించారు. తులసివనంలో గంజాయిమొక్క అన్న సామెతలో అది మొక్క. గంజాయి దమ్ము అన్నప్పుడు పదార్థం. భంగు, చరసు అనేవి హిందుస్తానీ ద్వారా వచ్చి చేరిన మాటలు. అవి నాగరిక వ్యవహారంలోను, ఆబ్కారీ కాగితాలలోను నిలిచాయి తప్ప జనం నోట గంజాయి స్థానాన్ని ఆక్రమించలేదు.

పదార్థమే కాక, దానిని సేవించే క్రియ కూడా తెలుగులో అస్పష్టమే. మనం నీళ్లు తాగుతాం, కల్లు తాగుతాం, చుట్టా తాగుతాం. కాబట్టి 'గంజాయి తాగి' అన్న ప్రయోగం మాత్రాన నూరి కలిపిన పానీయమా, పీల్చిన పొగా అన్నది తేలదు. దోమ గొంతులో ఏనుగుల గుంపు దూరినదన్న సమస్యకు తెనాలి రామకృష్ణుని పేర ప్రచారంలో ఉన్న పూరణంలో ఈ ప్రయోగమే ఉంది. ఆ చాటువును చెప్పేవారు అందులో చిలుము పొగను ఊహించుకుంటారు. అయితే చిలుము, హుక్కాల వాడుక ఈ దేశంలో పొగాకు వెంట విస్తరించింది. పొగాకు అక్బరు కొలువుకు చేరిన సంఘటనను అసద్ బేగ్ నమోదు చేసినది 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో. చాటువు నిజంగా కృష్ణరాయల కాలపుదైతే అందులోని గంజాయి పానీయమై ఉండే అవకాశమే ఎక్కువ. పొగ అనే అర్థమే సహజమని భావిస్తే పద్యాన్ని ఒక శతాబ్దమైనా ఇటు జరపాలి. ఈ వాదాన్ని అతిగా లాగరాదు. చరకుని కాలం నుండే వైద్యంలో ధూమపానం ఉంది. ఐనా చాటు సాహిత్య కాలనిర్ణయంలో భాషాలక్షణాలతో పాటు వస్తుసంస్కృతిని కూడా సాక్ష్యంగా పిలవవచ్చునని ఈ చిన్న ఉదాహరణ చూపుతుంది.

మూడు పేర్లకు మూడు నిర్దిష్టార్థాలను కట్టిపెట్టినది కవులు కాదు, వైద్యులు కాదు, పన్ను వసూలుచేసే ప్రభుత్వం. 1893 మార్చిలో బ్రిటిష్ కామన్స్ సభలో లేచిన ప్రశ్న ఫలితంగా, ఆ ఏడాది జులైలో భారత ప్రభుత్వం ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్‌ను నియమించింది. అధ్యక్షుడు డబ్ల్యు. మాక్‌వర్త్ యంగ్. ఏడుగురు సభ్యులలో రాజా శశిశేఖరేశ్వర్ రాయ్, కన్వర్ హర్నామ్ సింగ్, లాలా నిహాల్ చంద్ భారతీయులు. 1,193 మంది సాక్షులను విచారించి 1894లో సమర్పించిన నివేదిక, మితమైన సేవనం వల్ల చెప్పుకోదగిన హాని లేదనీ, సంపూర్ణ నిషేధం అవసరం లేదనీ, సుంకం, లైసెన్సు, సాగు నియంత్రణ చాలుననీ తేల్చింది. ఈ నిర్ణయం గురించి చర్చ ఎంతో జరిగింది. నా దృష్టిలో తెలుగు పరిశోధకునికి అంతకంటె విలువైనది ఆ నివేదిక మొదట్లోని నిర్వచనభాగం. వృక్షశాస్త్రవేత్త డేవిడ్ ప్రెయిన్ బెంగాలు గంజాయి సాగు మీద 1893లో రాసిన నివేదికను ఆధారం చేసుకొని కమిషన్ మూడు పదార్థాల సరిహద్దులను గీసింది. దాని ప్రకారం గంజాయి అంటే సాగుచేసిన ఆడమొక్కల ఎండిన పూగుత్తులు. గింజ కట్టే అవకాశం లేక వాటి మీద జిగురు పేరుకుంటుంది.

గింజ కట్టకుండా చేయడం దానంతట అది జరిగేది కాదు. బెంగాలులో రాజషాహి జిల్లా నౌగావ్ ప్రాంతం, నేటి బంగ్లాదేశ్‌లోనిది, ఈ సాగుకు కేంద్రం. పైరు పూతకు రాకముందే 'పొద్దార్' లేక 'పరఖ్‌దార్' అనబడే నిపుణుడు చాళ్ల వెంట నడుస్తూ మగమొక్కలను గుర్తించి తీయించేవాడు. ఒక్క మగమొక్క మిగిలినా పుప్పొడి పడి చుట్టూ ఉన్న ఆడమొక్కలు గింజలు పట్టి, సరుకు నాసి అవుతుంది. మన సామెతలో గంజాయిమొక్క తులసివనానికి కలుపు కాగా, నౌగావ్ పొలంలో మగ గంజాయి ఆడ గంజాయికి కలుపు! కోసిన గుత్తులను కాళ్లతో తొక్కి అణచినది చప్పిడి గంజాయి, చుట్టినది గుండ్రని గంజాయి, రాలిన తునకలు 'చూర్'. ఒక్కొక్క దానికి సుంకం వేరు. జిగురు శాతం పెరిగిన కొద్దీ పన్ను పెరగాలన్న ఆర్థికతర్కమే ఈ పదభేదానికి పునాది. మద్రాసు రాజధానిలో కూడా సాగు ఉండేది. తెలుగు ప్రాంతంలో అది నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలో కనిపిస్తుంది.

ఇక చరసు. ఈ మాటకు ఒక ఆసక్తికరమైన వ్యుత్పత్తి చెబుతారు. మన మోటబావి తోలుబొక్కెన వంటిదానిని హిందీలో 'చరస్' అంటారు. జిగురును తోలుసంచులలో నింపి పంపేవారు కనుక ఆ పేరు వచ్చిందని కొందరి భావన. దీనిని సంభావ్యతగానే స్వీకరించాలి. 19వ శతాబ్దంలో పంజాబుకు వచ్చిన చరసులో అధికభాగం చైనా తుర్కిస్తాన్‌లోని యార్కండ్ నుండి, లేహ్ మీదుగా దిగిన సరుకు. యార్కండ్ పద్ధతిలో ఎండిన గుత్తులను బాది, జల్లించి, రాలిన పొడిని ముద్దచేస్తారు. హిమాలయ సానువులలో, ముఖ్యంగా కులూ, కుమావూఁ ప్రాంతాలలో, పచ్చిమొక్కను అరచేతుల మధ్య నలిపి, చేతికి అంటిన జిగురును గీకి తీస్తారు. మొదటిది పొడిజల్లెడ సరుకు, రెండవది చేతిసరుకు. ఒకటి ఇసుకలా రాలే గుణం కలది, మరొకటి నల్లగా, సాగుతూ ఉంటుంది. 1839లో కలకత్తా వైద్యుడు డబ్ల్యు. బి. ఓషాగ్నెస్సీ తన ప్రసిద్ధవ్యాసంలో మూడవ రీతిని వర్ణించాడు. మధ్యభారతంలో తోలుదుస్తులు ధరించిన మనుషులు పైరులో మొక్కలను రాసుకుంటూ పరుగెత్తేవారట. ఆ తోలుకు అంటిన జిగురును తరువాత గీకి తీసేవారట. నేపాలులో చేతితో తీసిన మేలైన రకాన్ని 'మోమియా' అంటారని కూడా అతడు రాశాడు. మైనంవంటిది అని ఆ మాటకర్థం. పశ్చిమాసియాలో యార్కండ్ పద్ధతికి సాటియైన పొడిజల్లెడ సరుకుకే హషీష్ అని పేరు. అరబ్బీలో 'హషీష్' అంటే గడ్డి. గడ్డిని చెప్పిన మాట గడ్డి ఏమాత్రం మిగలని జిగురుముద్దకు చెల్లడం అర్థపరిణామానికి చక్కని ఉదాహరణ. 1964లో గావోని, మెషూలం టి.హెచ్.సి. అనే క్రియాశీల రసాయనాన్ని శుద్ధరూపంలో వేరుచేసినది కూడా పోలీసుల ద్వారా లభించిన లెబనాన్ హషీష్ నుండే.

ఓషాగ్నెస్సీ వ్యాసంలోనే నాల్గవ మెట్టుకు కూడా బీజం ఉంది. అతడు గంజాయిలోని జిగురును సారాయిలో కరిగించి, సారాయిని ఆవిరిచేసి 'సారం' తీశాడు. ఆ సారాన్ని తిరిగి సారాయిలో కొలతగా కలిపి 'టింక్చర్' చేశాడు. ధనుర్వాతం మొదలైన వ్యాధులలో వాటిని పరీక్షించాడు. చేతినలుపుడు, జల్లెడ అన్నవి జిగురును యాంత్రికంగా విడదీసే పద్ధతులు. ఇది ద్రావకంతో విడదీసే పద్ధతి. జిగురు రూపమే మారిపోతుంది. పాశ్చాత్య ఔషధసంహితలలో ఈ సారం చాలాకాలం నిలిచింది, అమెరికా సంహిత నుండి 1942లో తొలగింది. 1961 అంతర్జాతీయ ఒప్పందం పూగుత్తిని, జిగురును, 'సారాలు, టింక్చర్ల'ను వేరువేరుగా పేర్కొనడం ఈ పరిణామక్రమానికి ప్రతిబింబం. నేటి హాష్ ఆయిల్, గాజుపలుకులా విరిగే 'షాటర్', మెత్తని 'వ్యాక్స్' ద్రావకపద్ధతి సంతానం. వేడి, ఒత్తిడులతో మాత్రమే పిండే 'రోజిన్' తిరిగి యాంత్రికపద్ధతికి చెందుతుంది. అన్నిటినీ 'గంజాయి నూనె' అనడం నెయ్యిని, మీగడను, పాలపొడిని పాలు అనడం వంటిదే.

భారతచట్టం మాత్రం నాల్గవ మెట్టుకు కొత్త పేరు పెట్టలేదు. విడదీసిన జిగురును ఏ రూపంలో ఉన్నా చరసు అన్నది, హషీష్ ఆయిల్‌ను, ద్రవహషీష్‌ను ఆ నిర్వచనంలోనే చేర్చింది. గుత్తులు లేని వట్టి ఆకును గంజాయి నిర్వచనం నుండి మినహాయించింది. 1894 నాటి మూడుమెట్ల విభజన కొద్ది మార్పులతో 1985 చట్టంలో బతికే ఉంది. దాని ప్రకారం 'లిక్విడ్ గంజాయి' చట్టపరంగా గంజాయి కాదు, చరసు. మధ్యవర్తుల నివేదికలో తెలుగు రాతగాడు వాడుకమాటను పట్టి 'ద్రవరూప గంజాయి' అని రాస్తే, పదార్థం ఒక నిర్వచనంలోను, దాని పేరు మరొక నిర్వచనంలోను పడతాయి. 20 రెట్ల పరిమాణభేదం ఆ రెండింటి నడుమ ఉంది. ముద్దాయి తెలుగు మాత్రమే తెలిసినవాడైతే తన మీద మోపిన నేరమేదో అతనికి ఆ కాగితం చెప్పదు.

ఆంధ్ర, ఒడిశా సరిహద్దు మన్యం నుండి ఈ పదజాలానికి మరొక చేర్పు వచ్చింది. అక్కడ సాగయ్యే ఒక రకాన్ని 'శీలావతి' అంటారు. సూర్యోదయాన్ని ఆపిన పతివ్రత పేరు ఈ సరుకుకు ఎలా అంటుకుందో గాని, 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరిట తోటలను ధ్వంసం చేసినప్పుడు ఆ పేరు ప్రతి పత్రికలోను కనిపించింది. నిఘంటువులలో మాత్రం దానికి చోటు లేదు. తెలుగు నిఘంటువుల కొత్త కూర్పులలో గంజాయి ఆరోపానికి మొక్క, పూగుత్తి అనే రెండు అర్థాలను వేరుచేసి ఇవ్వాలి. భంగును ఆకుగా, చరసును విడదీసిన జిగురుగా ప్రత్యేకారోపాలు చేయాలి. హాష్ ఆయిల్‌కు 'చరసుసారం' అన్నది చట్టార్థానికి దగ్గరగా ఉండే మాట. శీలావతిని మన్యపు వ్యవహారపదంగా గుర్తుపెట్టి చేర్చాలి.