మరపు వ్యాధి చరిత్ర – మన భాష

సూరత్ నగరమున మరమగ్గముల చప్పుడు వినవచ్చు పేటలలో డిండోలి యొకటి. బ్రతుకుతెరువు వెదకికొనుచు తెలంగాణమునుండి వచ్చిన నేత కుటుంబములు, ముఖ్యముగా పద్మశాలీలు, డిండోలి, లింబాయత్ మున్నగు పేటలలో నివసించుచున్నారు. ఇంట తెలుగు, మగ్గముకడ హిందీ, అంగడిలో గుజరాతీ – ఇది వారి నిత్యజీవితము. ఇట్టి ఇండ్లలో వృద్ధులకు మతి తప్పినచో "చాదస్తము", "వయసు మీదపడినది" అని సరిపెట్టుకొనుట వాడుక. ఆ మాటల వెనుక ఒక వ్యాధి యుండవచ్చునని లోకము గుర్తించుటకు చాలకాలము పట్టినది. ఆ గ్రహింపులో తెలుగుగడ్డకును కొంత పాలు కలదు.

1901 నవంబరులో జర్మనీదేశమందలి ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో ఔగుస్టె డేటర్ అను 51 ఏండ్ల స్త్రీని చేర్చిరి. ఆమె భర్త రైల్వే కచేరీలో గుమాస్తా. అకారణముగా భర్తను అనుమానించుట, వస్తువులను ఎక్కడనో దాచి మరచుట, వంటలో తడబడుట ఆమెయందు కనబడిన తొలి చిహ్నములు. అలాయిస్ అల్జీమర్ అను వైద్యుడు పేరేమని యడుగగా "ఔగుస్టె" అనెను. ఇంటిపేరడిగినను అదియే, భర్త పేరడిగినను అదియే. తన్ను తాను పోగొట్టుకొంటినని ఆమె పలికినట్లు ఆస్పత్రి కాగితములలో కలదు. చిరకాలము మరుగుపడిన ఆ కాగితములు 1995లో మరల దొరకినవి.

1906 ఏప్రిలులో ఆమె మరణించెను. అల్జీమర్ ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షింపగా, నాడీకణముల వెలుపల గడ్డకట్టిన పదార్థమును, కణముల లోపల చిక్కుపడిన నూలువంటి పోగులును కనబడెను. ఆ సంవత్సరమే నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్ నగరమున వైద్యుల సభలో ఆయన ఈ విషయమును విన్నవింపగా, సభ్యులలో నొక్కరును చర్చింపరైరి. 1910లో ఎమిల్ క్రేపెలిన్ అను ఆచార్యుడు తన వైద్యగ్రంథమున ఈ వ్యాధికి అల్జీమర్ పేరిడెను.

పేరు కలిగినను, అర్ధశతాబ్దముపాటు ఇది 65 ఏండ్ల లోపువారికి వచ్చు అరుదైన జబ్బుగనే యెంచబడెను. వృద్ధుల మతిభ్రంశము వయోధర్మమని తలచిరి. 1968లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ నగర వైద్యులు బ్లెస్డ్, టామ్లిన్సన్, రాత్ అనువారు వృద్ధుల మెదడులందును అవే గడ్డలుండుటను, అవి హెచ్చినకొలది మతి క్షీణించుటను చూపిరి. 1976లో అమెరికా వైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్ ఈ రెండును ఒకే వ్యాధియని గట్టిగా వాదించెను. చాదస్తమని తోసివేయబడినది నాటినుండి చికిత్సకు, పరిశోధనకు అర్హమైన వ్యాధిగా పరిగణింపబడసాగెను.

ఈ వ్యాధి సాధారణముగా క్రొత్త జ్ఞాపకములను నిలుపు మెదడుభాగమునే మొదట దెబ్బతీయును. అందువలన ఉదయము తిన్న అన్నము గుర్తుండదు; బాల్యమున చూచిన జాతర గుర్తుండును. రోగి అడిగినదే అడుగును, దారి తప్పును, కన్నకొడుకునే దొంగయని నిందించును. ఆ నింద మనిషిది కాదు, వ్యాధిది. ఈ సంగతి తెలియని యింట ప్రతిదినము కలహమే. తెలిసిన యింటను భారము తక్కువ కాదు. రాత్రింబగళ్లు కనిపెట్టియుండు భార్యయో కోడలో తన ఆరోగ్యమును కోల్పోవుచుండును.

మన దేశమున ఇట్టి కుటుంబములకు అండగా 1992లో కేరళమున ఒక జాతీయ సంఘము వెలసెను. 60 ఏండ్లు దాటిన భారతీయులలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, అల్జీమర్స్ మున్నగు మతిభ్రంశ వ్యాధులతో నున్నారని 2023లో ప్రకటింపబడిన అంచనా.

తెలుగుగడ్డ పాలు ఇచ్చట వచ్చుచున్నది. హైదరాబాదునందలి నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి మున్నగువారు 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితములను ప్రకటించిరి. ఒకే భాష నెరిగినవారికంటె రెండు, అంతకు మించిన భాషలు మాటలాడువారికి మతిభ్రంశము సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా కనబడెను. చదువురానివారిలోను ఈ భేదము కానవచ్చుట విశేషము. కావున ఇది బడిచదువు ఫలము మాత్రమే కాదు. భాషలు వ్యాధిని మాన్పునని దీని యర్థము కాదు. భాషనుండి భాషకు మారుచుండు మెదడు కొంతకాలము వ్యాధి ధాటికి తట్టుకొనునని పరిశోధకుల భావన.

బడి యెరుగకున్నను మూడు భాషలలో బేరమాడు డిండోలి నేతగాడు తనకు తెలియకయే యీ రక్షను కూర్చుకొనుచున్నాడు. అయినను ఇందొక హెచ్చరిక కలదు. వ్యాధి ముదిరినకొలది పెక్కుమంది తరువాత నేర్చిన భాషలను జారవిడిచి తల్లిభాషకే చేరుట చూడబడినది. అట్టి తాత తెలుగున దప్పికయని చెప్పినపుడు, గుజరాతీ హిందీలు మాత్రమే నేర్చిన మనుమనికి ఆ మాట తెలియకున్న నెట్లు? ప్రవాసమున ఇంట తెలుగు నిలుపుట పండుగనాటి ముచ్చట మాత్రమే కాదు. ఒకనాడు అది పెద్దలకు మంచినీరందించు మార్గము.

ఈ వ్యాధిని పూర్తిగా కుదుర్చు మందు నేటికిని లేదు. కొంత ఉపశమనమిచ్చునవి, తొలిదశలో వేగమును తగ్గించునవి కలవు. థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ కొరత, మనోవ్యాకులతవలన కలుగు మరపు చికిత్సచే తగ్గవచ్చును. కనుక మరపు మితిమీరినచో చాదస్తమనక వైద్యునికి చూపవలెను. తన పేరు తాను మరచిన వృద్ధుని, ఆయన యెరిగిన భాషలో పేరుపెట్టి పిలుచువారు ఇంట నుండవలెను.